మన్ను తిన్న పాము

బెండిగోలో మా బడి వెనక,
నీళ్ల ట్యాంకుకీ సైకిళ్ల షెడ్డుకీ మధ్య
ఎవరింట్లోదో పాత స్నానాల తొట్టి.
ఇటుకల మీద కాస్త ఏటవాలుగా నిలబెట్టాం.
నీళ్లు పోయే బొక్క కింద ఒక బకెట్టు.
లోపల చింపిన పేపర్లు, కొబ్బరి పీచు,
వాటి కింద వెయ్యి ప్రాణాలు.
వెయ్యి అని డబ్బా మీద రాసుంది. లెక్కపెట్టిందెవరు?

మధ్యాహ్నం గంట కొట్టాక
మూడో తరగతి పిల్లలు టిఫిన్ డబ్బాలతో వరసకడతారు.
సగం కొరికిన యాపిలూ, నల్లబడ్డ అరటితొక్కా.
తూచడం టెస్సా పని. పలక మీద రాయడం ఫిన్లే పని.
సోమవారం: రెండు కిలోల నూట పది గ్రాములు.
ఉల్లిపాయ వద్దు, నారింజ తొక్క వద్దు, కారం అసలే వద్దు.
నా డబ్బాలో మిగిలిన పులిహోర వైపు టెస్సా జాలిగా చూసి
"వాటికి పులుపు పడదు" అంది,
డాక్టరమ్మలా.

నేను టీచర్ని కాను. టీచర్ పక్కన కూర్చునే మనిషిని.
పెన్సిళ్లు చెక్కుతాను, ముక్కులు తుడుస్తాను,
తడబడే వేలికి అక్షరాల కింద దారి చూపిస్తాను.
నిరుటి నుంచీ నాకు అప్పజెప్పింది థాడోని.
కరెన్ పిల్లాడు. థాయ్ సరిహద్దు శిబిరంలో పుట్టాడట.
రెండు టర్ములుగా ఒక్క మాట లేదు.
స్టాఫ్ రూంలో ఎవరో వాడి పేరెత్తి నిట్టూరిస్తే
నా నాలుక చివరిదాకా వచ్చింది, తెలుగులోనే:
మన్ను తిన్న పాములా...
గబుక్కున టీ మింగేశాను.
ఆరో తరగతిలో సోషలు మాస్టారు
నన్నన్న మాట అది. నలభై మంది ముందు.

మీ భాషలో దీన్నేమంటారని ఫిన్లే అడిగాడు.
వానపాము అన్నాను. విడదీసి అర్థం చెప్పాను.
ముగ్గురు వెనక్కి గెంతారు.
పామంటే ఇక్కడ మాటలా?
అక్టోబరు వస్తే గేటు గేటుకీ బోర్డు పెడతారు.
ఫిన్లే మాత్రం ఆకాశం వైపు చూసి
"మరి వాన ఏదీ?" అన్నాడు.
పేరు పెట్టినవాళ్లు ఈ ఊరు చూడలేదు నాయనా.

ఫిబ్రవరి రెండో వారం. నలభై మూడు డిగ్రీలు.
శుక్రవారం ఆటస్థలం మూసేశారు.
శని, ఆదివారాలు తొట్టి సంగతి ఎవరికీ గుర్తులేదు.
సోమవారం మూత తీస్తే
అంచు పొడుగునా ఎండిన దారప్పోగులు.
"పారిపోదామనుకున్నాయి" అంది టెస్సా.
ఫిన్లే పలక తిరగేసి పట్టుకున్నాడు,
వీటిని తూచాలో వద్దో తెలీక.
మిస్ కెర్‌స్టెన్ గొంతు సవరించుకుంది.
ఆవిడ దగ్గర దీనికి వర్క్‌షీటు లేదు.
అంత్యక్రియలు చేద్దామని ఒకరు,
ఆన్‌లైన్లో కొత్తవి కొందామని ఒకరు.

థాడో టోపీ తీశాడు.
టోపీ లేనిదే ఎండలోకి రానివ్వని బడి మాది.
కుళాయి కింద తడిపి, పిండకుండా మెడకి చుట్టుకుని
మోచేతులదాకా తొట్టిలోకి దిగాడు.
గోనె, బూజు రొట్టె, పులిసిన కంపు,
ఏదీ చూడలేదు. వేళ్లతో వింటున్నాడు.
నీళ్లు పోయే బొక్క దగ్గర, నీడ మూల, ఆగాడు.
దోసిలి పైకి తెచ్చాడు.
పిడికెడు ముడి. ఎర్రగా, తడిగా,
ఒకదాన్నొకటి పట్టుకుని, కదులుతూ.

ఏదో అన్నాడు. ఒక్క మాట. వాళ్ల భాషలో.
బతికున్నాయి అన్నాడో, పాము అన్నాడో,
ఎవరినైనా పిలిచాడో.
నేను అడగలేదు.
టోపీని వాటి మీద కప్పాడు.
ఆ రోజు పలక మీద ఫిన్లే అంకె వేయలేదు.
"కొన్ని" అని రాశాడు.

మే నెలకి బకెట్లో నల్లటి కషాయం.
పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి, పాలసీసాల్లో పోసి
బడి సంతలో రెండు డాలర్లకి అమ్మారు.
పురుగుల ఉచ్చ అని టెస్సా లేబుల్ రాసింది.
మిస్ కెర్‌స్టెన్ చూసేసరికే సగం అమ్ముడైపోయాయి.
తొట్టి అడుగున కాఫీ పొడిలాంటి మట్టి.
గుప్పెట్లోకి తీసుకుంటే వెచ్చగా, వాన పడ్డ వాసన.
మన్ను తిన్న పాము ఏం చేస్తుందో
మాస్టారికి ఎవరూ చూపించినట్టు లేదు.

థాడోకి ఆఫీసులో కొత్త టోపీ ఇప్పించాను.
ఫారంలో, పాతది పోవడానికి కారణం అన్న గడి దగ్గర
కాసేపు పెన్ను ఆగింది.
తినేశాయి, అని రాశాను.